చేతుల కష్టం ఎవరిది? - నూట ఇరవై ఎనిమిదో కీర్తన మీద కొన్ని ఆలోచనలు

ఉత్తర తెలంగాణలో క్రైస్తవుల ఇంట ఒక్క పెళ్లికైనా వెళ్లిన వాళ్లకు నూట ఇరవై ఎనిమిదో కీర్తన పరిచయమే. పెళ్లిలో చదువుతారు. కొత్తింట్లో అడుగు పెట్టేటప్పుడు చదువుతారు. పిల్లల పుట్టినరోజు కూడికల్లో చదువుతారు. మొత్తం ఆరే వచనాలు. దేవుని పట్ల భయభక్తులు ఉన్నవాళ్లు ధన్యులని మొదలవుతుంది. అలాంటి మనిషి తన చేతుల కష్టాన్ని తానే అనుభవిస్తాడంటుంది. అతని భార్య ఇంటి లోపల కాపు కాసిన ద్రాక్ష తీగలా ఉంటుందట. పిల్లలు భోజనం బల్ల చుట్టూ ఒలీవ మొక్కల్లా ఉంటారట. చివరికి యెరూషలేము క్షేమాన్నీ, మనవలను చూసేంత ఆయుష్షునూ దీవించి ముగుస్తుంది.

బైబిల్లో స్త్రీలను వణికించే భాగాలు చాలానే ఉన్నాయి. ఫిలిస్ ట్రిబుల్ 1984లో ‘టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్’ అనే పుస్తకంలో హాగరు, తామారు, యెఫ్తా కూతురు, పేరు కూడా లేని ఒక లేవీయుని ఉపపత్ని - ఈ నలుగురి కథల్ని చదివిన తీరు మనలో చాలామందికి దారి చూపింది. ఈ కీర్తన అలాంటిది కాదు. ఇందులో ఎవరినీ చంపరు, ఎవరినీ ఇంట్లోంచి గెంటరు. ఇది దీవెన. విమర్శకు లొంగనిదల్లా అదే. శాపాన్ని ఎదిరించవచ్చు. తల మీద చెయ్యి పెట్టి, నవ్వుతూ ఇచ్చే దీవెనతో ఎలా పోట్లాడతాం?

అయినా దీనితో నాకు పేచీ ఉంది. పేచీతో పాటు ఒక హక్కు కూడా ఉందనుకుంటాను. ఆ రెండూ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు వ్యాకరణం చూద్దాం. హీబ్రూలో ‘నువ్వు’ అన్నా లింగం తెలుస్తుంది. క్రియాపదంలోనూ తెలుస్తుంది. ఈ కీర్తన మొదటి నుంచి చివరి దాకా మాట్లాడేది ఒక మగవాడితో. హీబ్రూ చదివే స్త్రీకి మొదటి వచనంతోనే ఆ సంగతి అర్థమైపోతుంది. తెలుగు అలా కాదు. మన ‘నీవు’కు లింగం లేదు. ‘అనుభవించెదవు’ అంటే ఆడా కావచ్చు, మగా కావచ్చు. పైగా మా సంఘాల్లో వాడే పాత తెలుగు అనువాదం మొదటి వచనంలోని ఏకవచనాన్ని బహువచనం చేసి ‘వారందరు’ అంది. అందులో స్త్రీలూ ఉన్నారు. ఆ వెంటనే ‘నీ చేతుల కష్టార్జితము’ అన్న మాట వస్తుంది. వింటున్న ఆడమనిషి అది తనకే అనుకుంటుంది. అనుకోవడంలో తప్పేం లేదు, భాష ఆమెకు తలుపు తెరిచే ఉంచింది. అంతలోనే ‘ధన్యుడవు’ అన్న మాట వస్తుంది. ఆ ఒక్క ‘డు’తో తలుపు మూసుకుంటుంది. తర్వాతి వచనంలో ‘నీ భార్య’ అనగానే గడియ కూడా పడుతుంది. అప్పటిదాకా వింటున్న మనిషి, ఇప్పుడు మాటల్లో వర్ణించే వస్తువుగా మారిపోతుంది.

మూలంలోనే పుంలింగం ఉంటే అనువాదకులు ఏం చేస్తారు అని అడగవచ్చు. సరిగ్గా దీని ముందున్న నూట ఇరవై ఏడో కీర్తన చూడండి. సంతానం దేవుడిచ్చిన సొత్తు అని చెప్పే చోట హీబ్రూలో ‘బానీమ్’ అన్న మాట ఉంది. అక్కడ మన అనువాదం ‘కుమారులు’ అంది. నూట ఇరవై ఎనిమిదిలో బల్ల చుట్టూ కూర్చున్నదీ ఆ ‘బానీమే’. ఇక్కడ మాత్రం ‘పిల్లలు’ అంది. అంటే ఒకే మాటను ఒకచోట కొడుకులుగా, ఇంకోచోట పిల్లలుగా చదివే వెసులుబాటు అనువాదకులకు ఉంది. వాళ్లు దాన్ని వాడుకున్నారు కూడా. వెసులుబాటు ఉన్నప్పుడు ఏది ఎక్కడ ఎంచుకున్నారన్నది మనం అడగాల్సిన ప్రశ్నే. దేవుడిచ్చే సొత్తు దగ్గరికి వచ్చేసరికి కొడుకులు, అన్నం తినే దగ్గరికి వచ్చేసరికి పిల్లలు!

ఈ ‘డు’ నా కంట పడింది సెమినరీ గ్రంథాలయంలో కాదు, మా ఇంటి గోడ మీద. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా దగ్గర వాగ్దాన కార్డులు తీస్తారు. ఒక పళ్లెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి పెడితే తలా ఒకటి తీసుకుంటారు. దాని మీద ఉన్న వాక్యం ఆ ఏడాదికి వాళ్లది. ఒక ఏడు మా అమ్మకు వచ్చింది ఈ కీర్తనలోని రెండో వచనం. ఆ ఒక్కటే. ముందు ఏముందో, తర్వాత ఏముందో కార్డు మీద ఉండదు. అమ్మ దాన్ని మెతుకులతో గోడకు అతికించింది, తను బీడీలు చుట్టే చోటికి సరిగ్గా పైన. అక్షరాలు కూడబలుక్కుని చదివేది. “గిది నా వాక్యమే బిడ్డా. నా చేతుల కష్టం నేనే తింటనట” అని వచ్చినవాళ్లకల్లా చూపించేది. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న గల్ఫ్‌లో ఉన్న ఏళ్లలోనూ, లేని ఏళ్లలోనూ ఇంట్లో పొయ్యి వెలిగింది అమ్మ చేట మీది బీడీలతోనే.

అమ్మ ‘అనుభవిస్త’ అనలేదు, ‘తింట’ అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు నాకు తెలిసిందేమిటంటే, హీబ్రూ మూలంలో ఉన్నది ‘తినడమే’. ‘చేతులు’ అని మనం చదివే చోట ఉన్న మాటకు అసలర్థం ‘అరచేతులు’. నీ అరచేతుల కష్టాన్ని నువ్వు తింటావు అని మూలం. అనువాదకులు దాన్ని మర్యాదస్తుల తెలుగులోకి మార్చారు. అక్షరం సరిగా రాని మనిషి దాన్ని తిరిగి మూలానికి తీసుకుపోయింది. మన భాషలో ‘కష్టం తినడం’ అన్న మాటకు ఇంకో అర్థం ఉందని కూడా మరచిపోవద్దు. “వాడు నా కష్టం తిన్నడు” అంటే దోచుకున్నాడని. ఎవరి కష్టం ఎవరు తింటున్నారన్నది పల్లెలో రోజూ వినబడే తగాదా. కీర్తన కూడా నిజానికి ఆ తగాదాలోంచే పుట్టింది. నాటినవాడు ఒకడు, తినేవాడు ఇంకొకడు అవడం బైబిల్లో శాపాల కింద లెక్క. ద్వితీయోపదేశ కాండంలో వరసగా వచ్చే శాపాల్లో అదొకటి. దానికి ఎదురుగా నిలబడిన దీవెన ఈ రెండో వచనం. అంటే ఇది ఇంటి సుఖాల పాట కావడానికి ముందు దోపిడీ లేని బతుకు కోసం చేసిన ప్రార్థన.

ఇప్పుడు ఆ చేట దగ్గరికి వద్దాం. 2016లో జిల్లాలు ముక్కలు కాకముందు ఆదిలాబాదు, కరీంనగరు గోదావరికి అటూ ఇటూ ఉన్న పొరుగు జిల్లాలు. ఆదిలాబాదు అడవిలో తునికాకు తెంపేది ఎక్కువగా ఆడవాళ్లే. మా పెద్దమ్మ వాళ్లది చెన్నూరు వైపు. ఎండాకాలంలో చీకటితోనే అడవికి పోయి, పొద్దెక్కేలోపు ఆకు తెంపుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఆ కట్ట రేటు కోసం 1980ల మొదట్లో ఆ అడవుల్లో పెద్ద పోరాటాలే జరిగాయి. ఆ ఆకే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్ల చేటల్లోకి వస్తుంది. ఆకు తడపాలి, కత్తెరతో కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి, ఇరవై అయిదేసి కట్టలు వేయాలి. రోజంతా నడుము ఎత్తకుండా కూర్చుంటే వెయ్యి బీడీలు. వాటిలో బాగా లేవని పక్కన పెట్టినవాటికి డబ్బులు రావు. ఆకూ ఆమె చేతిదే, చుట్టూ ఆమె చేతిదే. అది తాగే మగవాళ్ల ఊపిరితిత్తుల సంగతి, తంబాకు దుమ్ములో కూర్చున్న ఆమె ఊపిరితిత్తుల సంగతి వేరే వ్యాసం కావాలి.

ఇలా పనిచేసే చేతులకు ఆ వచనం ఎందుకు అంత దగ్గరగా తోచిందో చెప్పాల్సిన పనిలేదు. కానీ మూడో వచనం ఆమెను ఎక్కడ పెట్టింది? ఇంటి లోపల, తీగలా. హీబ్రూలో ‘ఇంటి లోలోపలి భాగం’ అని అర్థం వచ్చే మాట ఉంది. తెలుగులో దానికి ‘లోగిలి’ వాడారు. లోగిలి అంటే నాలుగు దిక్కులా గదులున్న భాగ్యవంతుల ఇల్లు గుర్తొస్తుంది. మాల మాదిగ వాడల్లోని ఒంటి గది ఇంట్లో లోగిలి ఎక్కడిది? భోజనపు బల్ల ఎక్కడిది? ఇక ద్రాక్ష తీగ సంగతి. మా వాకిళ్లలో పెరిగేవి బీర, సొర, గుమ్మడి. గుమ్మడి తీగను ఎవరూ లోపల దాచలేరు. అది గూనపెంకుల మీదికి ఎక్కి, పక్కింటి కప్పు మీద కాయ కాస్తుంది. బతుకమ్మలో పేర్చే పువ్వు కూడా దానిదే. ఈ కీర్తన మా ఊళ్లో పుట్టి ఉంటే ఆ పోలిక ఆడమనిషిని లోపల పెట్టడానికి పనికొచ్చేది కాదు.

తీగతో ఇంకో చిక్కు ఉంది. కాయడమే దాని పని. యెషయా గ్రంథం ఐదో అధ్యాయంలో సరైన కాపు కాయని ద్రాక్షతోటకు యజమాని కంచె పీకేస్తాడు. యోహాను సువార్త పదిహేనో అధ్యాయంలో కాయని కొమ్మను నరికి మంటలో వేస్తారు. ఆ రెండూ స్త్రీల గురించి చెప్పినవి కావు, నాకు తెలుసు. పరమగీతంలో ద్రాక్ష తీగ కోరికకూ ఆనందానికీ గుర్తుగా వస్తుందని, ఈ కీర్తనలోనూ ఆ ఛాయ ఉండవచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. కావచ్చు. కానీ సంఘంలో కూర్చుని వినే ఆడవాళ్లకు పరమగీతం చదివి వినిపించేది ఎవరు? వాళ్లు విన్నది కాపు గురించే. మా అక్కకు పెళ్లయి ఎనిమిదేళ్లయినా పిల్లలు లేరు. వాళ్ల ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు అయ్యగారు ఈ కీర్తనే చదివారు. ఆయన మంచిగానే చదివారు, దీవించాలనే చదివారు. అక్క మూడో వచనం రాకముందే చాయ్ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయింది. “గా వాక్యం సదివినప్పుడల్ల అందరి కండ్లు నా కడుపు మీదనే ఉంటయ్ చెల్లె” అంది తర్వాత. దీవెన కొలబద్ద అయినప్పుడు జరిగేది ఇదే. శాపం ఎవరో ఒకరి మీద పడుతుంది. దీవెన మాత్రం దాన్ని అందుకోలేని ప్రతి స్త్రీనీ నిలబెట్టి లెక్క అడుగుతుంది.

తీగకు యజమాని ఉంటాడన్న భావం చట్టంలో కూడా చాలాకాలం బతికింది. క్రైస్తవుల విడాకులకు వర్తించే 1869 నాటి చట్టం ప్రకారం భార్య వ్యభిచరించిందని నిరూపిస్తే భర్తకు విడాకులు చాలు. భార్యకు మాత్రం అదొక్కటే చాలదు, దానితో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో కూడా చూపాలి. పైగా భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడి నుంచి భర్త నష్టపరిహారం రాబట్టుకునే సెక్షను ఒకటి ఉండేది. పొలంలో పశువులు పడి మేస్తే అడిగే పరిహారం లాంటిదన్నమాట. ఇవన్నీ పోవడానికి 2001 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. నూట ముప్పై రెండేళ్లు.

కాబట్టి నా పేచీ ఇది. ఈ కీర్తన ఇంటిని రెండుగా పంచింది. కష్టం అతనిది, కాపు ఆమెది. చేతులు అతనివి, కడుపు ఆమెది. అయితే ప్రాచీన ఇశ్రాయేలు ఇళ్లు నిజంగా ఇలా ఉండేవా? కరోల్ మేయర్స్ 1988లో రాసిన ‘డిస్కవరింగ్ ఈవ్’లో కొండ ప్రాంతపు రైతు కుటుంబాలను పరిశీలించి, అక్కడి ఇల్లు పని జరిగే చోటని, ధాన్యం విసరడం నుంచి బట్ట నేయడం దాకా స్త్రీల శ్రమ లేకుండా ఆ కుటుంబం బతికే అవకాశమే లేదని చూపించింది. అంటే ఆ ఇంటి ‘లోలోపల’ ఉన్నది తీగ కాదు, తిరగలి. కవి ఆ తిరగలి చప్పుడు విననట్టు రాశాడు.

ఇదే పంపకం మా బీడీల కంపెనీలకు కూడా ఎంతో పనికొచ్చింది. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పనే కదా, వీళ్లు కార్మికులెలా అవుతారు అన్నది యజమానుల పాత వాదన. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టే వాళ్లను కూడా ఉద్యోగులుగా గుర్తిస్తే యజమానులు కోర్టుకెక్కారు. 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించాకే ఆ తగువు ఒక కొలిక్కి వచ్చింది. అంటే ఇంటి లోపల ఉన్న చేతులు కూడా చేతులే అని ఒప్పించడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాతా ఒప్పుకోలు సగమే. 1976లో వచ్చిన సంక్షేమ నిధికి ఆధారమైన బీడీ సెస్సు 2017లో జీఎస్టీ రావడంతో పోయింది. 1966 చట్టాన్నే 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ కార్మికులకు పింఛను వచ్చింది, అది మంచి మాటే. కానీ ఏళ్ల తరబడి ఆకు చుట్టి చుట్టి వేలిముద్రలు అరిగిపోయిన ఆడవాళ్లను బయోమెట్రిక్ యంత్రం గుర్తుపట్టదు. చేతులతో కష్టపడ్డందుకు రావాల్సింది, చేతులు కష్టపడి అరిగిపోయాయి కాబట్టి ఆగిపోతుంది. అరచేతుల కష్టం తినడమనే దీవెనకు ఇంతకంటే వెక్కిరింత ఉంటుందా?

ఈ కీర్తనను ఒంటరిగా చదవడం మానితే ఇంకొన్ని సంగతులు కనిపిస్తాయి. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలను యాత్ర కీర్తనలంటారు. యెరూషలేముకు ఎక్కిపోతూ జనం పాడుకున్నవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నూట ఇరవై ఎనిమిది కూడా అందులోదే. ఇది దారి పాట, పెళ్లి పాట కాదు. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం దీన్ని పెళ్లి క్రమంలో పెట్టింది, నూట ఇరవై ఏడును కాన్పు తర్వాత స్త్రీలు చేసే కృతజ్ఞతారాధనలో పెట్టింది. ఇంగ్లీషు మిషనరీలు వచ్చిన చోటికల్లా ఆ అలవాటూ వచ్చింది. దారిలో నడుస్తూ పాడుకున్నది, గడప లోపల బోధ అయి కూర్చుంది.

ఆ పదిహేను పాటల్లో స్త్రీ స్పష్టంగా కనిపించేది మూడు చోట్ల. నూట ఇరవై మూడులో యజమానురాలి చేతి వైపు కళ్లప్పగించి చూసే దాసి ఉంది. గడీల్లో దొరసానుల చేతి సైగ కోసం కాచుకున్న ఆడబాపల కథలు విన్న తెలంగాణ వాళ్లకు ఆ చూపు ఎలాంటిదో తెలుసు. అది భక్తికి పోలిక కాగలదు గానీ, ఆ చూపులో ఉన్న భయాన్ని పోలిక తుడిచేయలేదు. రెండోది మన ద్రాక్ష తీగ. మూడోది నూట ముప్పై ఒకటి. అక్కడ పాలు మరచిన బిడ్డ తల్లి దగ్గర నెమ్మదిగా ఉన్నట్టు తన ప్రాణం ఉందని పాడే గొంతు వినిపిస్తుంది. ‘నా మీద ఉన్న బిడ్డలా’ అన్న అర్థం వచ్చే హీబ్రూ ప్రయోగాన్ని బట్టి ఆ పాట పాడింది ఒక తల్లి అయి ఉండవచ్చని కొందరు పండితులు ఊహించారు. ఆ ఊహ నిజమైతే, భార్య తీగగా మిగిలిపోయిన చోటికి మూడు పాటల దూరంలోనే ఒక ఆడమనిషి తన నోటితో తాను పాడుతోంది. ఎత్తయిన సంగతుల జోలికి పోనని ఆమె వినయంగా అంటుంది. కానీ ‘నేను’ అంటుంది. ‘నీ భార్య’ అనిపించుకోవడానికీ, ‘నేను’ అనుకోవడానికీ మధ్య దూరం చిన్నది కాదు.

బైబిల్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. సామెతల గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయంలోని గుణవతి గురించి మహిళా ఆదివారం నాడు వినని సంఘం లేదు. ఆమెను పొద్దున లేచి పనిచేసే ఆదర్శ గృహిణిగా చూపడం మామూలు. ఆమె దగ్గర పనికత్తెలున్నారన్న మాట, అంటే ఆమె ధనిక వర్గమన్న మాట ఎవరూ ఎత్తరు. ఆ అధ్యాయం చివరి వచనం మీద ప్రసంగం నేను ఒక్కటీ వినలేదు. అక్కడ ఉన్నది పొగడ్త ఒక్కటే కాదు. ఆమె చేతులు సంపాదించిన దాంట్లోంచి ఆమెకు ఇవ్వండి అని గట్టిగా అడగడం ఉంది. అడిగేది పదిమందీ కూడే ఊరి గవిని దగ్గర. నూట ఇరవై ఎనిమిదో కీర్తన మగవాడికి హామీ ఇచ్చినదాన్నే ఈ వచనం ఆడమనిషి కోసం అడుగుతోంది. మా అమ్మ కార్డు మీది వాక్యం ఆమెదేనని చెప్పడానికి నాకు బైబిల్ బయటి ఆధారాలు అక్కర్లేదు.

మరి ఈ కీర్తనను పక్కన పెట్టేయాలా? ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా నేర్పినట్టు అనుమానంతో చదవాలన్నది ఎంత నిజమో, అనుమానం దగ్గరే ఆగిపోతే పాఠం పాతవాళ్ల చేతుల్లోనే ఉండిపోతుందన్నదీ అంతే నిజం. ఎం.ఎం. వినోదిని ‘తప్పిపోయిన కుమార్తె’లో సువార్తలోని కొడుకు ఉపమానాన్ని కూతురికి తిప్పింది. కొడుకు తిరిగొస్తే విందు చేసిన కథలో కూతురు ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నను పాఠకులు ఇక తప్పించుకోలేరు. పాఠాన్ని వదలకుండా దానితో కొట్లాడటం దళిత క్రైస్తవ స్త్రీలకు కొత్త కాదు. చర్చి పీఠమూ కొంత కదిలింది. దక్షిణ ఇండియా సంఘం 1976లో మొదటిసారి ఒక స్త్రీకి గురు అభిషేకం ఇచ్చింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత మొదటి మహిళా బిషప్ అయింది. వేదిక మీద స్త్రీ నిలబడింది సరే. ఆమె చేతిలోని పుస్తకంలో ‘ధన్యుడవు’ అలాగే ఉంది.

ఇది ఒక్క అక్షరం గొడవ కాదా అని అడిగే మిత్రులున్నారు. అక్షరం గొడవే. బీడీ కార్డు మీద పేరు ఎవరిదన్నదీ, ఇంటి పట్టా ఎవరి పేర అన్నదీ అక్షరాల గొడవలే. ‘వారందరు’ అని బహువచనం చేయగలిగిన అనువాదం, ‘పిల్లలు’ అని మెత్తబడగలిగిన అనువాదం, ఈ ‘డు’ను కూడా విప్పగలదు. ‘నీవు ధన్యత పొందుదువు’ అంటే వ్యాకరణానికి వచ్చే నష్టం లేదు. పెళ్లిలో ఈ కీర్తన చదవాల్సే వస్తే, రెండో వచనాన్ని ఇద్దరితోనూ చెప్పవచ్చు. మూడో వచనం చదివేటప్పుడు, అక్కడ కూర్చున్న వాళ్లలో పిల్లలు లేనివాళ్లు, వద్దనుకున్నవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు ఉంటారని గుర్తుపెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, కీర్తన అక్కడితో ఆగదని చెప్పవచ్చు. అది చేతుల దగ్గర మొదలై, ఇంట్లోకి వెళ్లి, ఇంట్లోంచి నగరంలోకి నడుస్తుంది. ఇంటి మేలునూ ఊరి మేలునూ ఒకే ఊపిరిలో అడుగుతుంది. ఇంటి లోపలి సంగతి ఇంటివాళ్లదే అనే వాదనను ఈ పాట తన నడకతోనే కాదంటుంది.

ఆ నడకను చివరి దాకా తీసుకుపోతే ఇంటి లోపల చుట్టిన వెయ్యి బీడీలు ఊరి లెక్కలోకి రావాలి. అడవిలో కట్టిన యాభై ఆకుల కట్ట కూడా రావాలి. కష్టపడిన అరచేతికి ముందుగా కూలి రావాలి, గుర్తింపు రావాలి, పింఛను రావాలి. తీగ కాసిందా లేదా అన్న లెక్క ఎవరూ అడగకూడదు. అప్పుడు ఆ దీవెనను తల వంచకుండానే అందుకోవచ్చు.